గుహను కన్న నది

గ్రీన్ నదీ, నీకు రెండు ఒళ్లు. ఒకటి సికమోర్ చెట్ల కింద ఎండ తిని ఆకుపచ్చగా, తొందరలేకుండా సాగేది. రెండోది ఈ కొండల కడుపులో, పుట్టిన్నాటి నుంచీ సూర్యుణ్ణి ఎరగనిది. పైదాన్ని చూసి పడవెక్కి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. లోపలిదాన్ని చూసి కారెక్కి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఆ రెండూ ఒకటే నీళ్లని నా ఒంటికి తెలిసింది మాత్రం నీ ఒడ్డున గుడారంలో పడుకున్నాకే. ఈ పొగడ్త అందుకే.

కెంటకీ రాష్ట్రంలో, మామత్ కేవ్ నేషనల్ పార్కు పడమటి కొసన ఉంది హౌచిన్ ఫెర్రీ. ఒకప్పుడు బల్లకట్టు మీద కార్లు నిన్ను దాటిన రేవు. బల్లకట్టు ఆగిపోయింది, రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగి అక్కడే ముగిసిపోతుంది. ఆ రేవు పక్కనే చెట్ల కింద 12 గుడారాలకు చోటు. చోటుకో బల్ల, చోటుకో ఇనుప పొయ్యి. కరెంటు లేదు. ఇళ్లంత పెద్ద క్యాంపింగ్ బళ్లకు ఇక్కడ తావు లేదు. ఇంతకన్నా ఏం కావాలి? బయటి కట్టెలు తెచ్చి కాల్చకూడదని ఒక నియమం ఉంది, నాకది ఎంతో ఇష్టం. ఆష్ చెట్ల బెరడు కింద తొలిచి చంపే ఒక పచ్చటి పురుగు కట్టెల్లో దాక్కుని ఊళ్లు దాటి వస్తుందట. అందుకని వేడికి పెట్టి శుద్ధి చేసిన కట్టెలే తెచ్చుకోవాలి. ఒక చెట్టు జాతి కోసం మనిషి తన చలిమంటను అదుపులో పెట్టుకోవడం నాకు పూజలో పాటించే మడి కన్నా తక్కువగా కనిపించదు.

నీ ఒడ్డు అడవిలో నాకొక చుట్టం కూడా ఉంది. పెద్ద చెట్ల నీడన గుంపులు గుంపులుగా పెరిగే సన్నటి చెట్టు, జానెడు దాటిన వెడల్పాటి ఆకులు. పాపా అంటారు. మన సీతాఫలం కుటుంబమే. ఆ కుటుంబంలో తక్కిన వాళ్లంతా వేడి దేశాలను పట్టుకుని ఉంటే, ఇదొక్కటి మంచు కురిసే చోటికి వచ్చి నిలదొక్కుకుంది. ఎండాకాలం చివర పండు మెత్తబడి రాలుతుంది. చేతిలోకి తీసుకుని విప్పితే పసుపు గుజ్జు, అందులో వరసగా నున్నటి నల్లగింజలు. పాలమూరు సంతలో పెరిగిన ముక్కుకు ఆ వాసన పరిచయం చెయ్యక్కర్లేదు.

ఇక నీ పని గురించి చెప్పాలి నదీ, నీ అసలు గొప్పతనం అందులోనే ఉంది.

ఈ కొండల రాయి దాదాపు 33 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పుడిక్కడ లోతులేని వెచ్చటి సముద్రం. అందులో బతికిన ప్రాణుల గుల్లలూ చిప్పలూ అడుక్కి చేరి, ఒకదాని మీదొకటి పడి సున్నపురాయి అయ్యాయి. దాని మీద ఇసుకరాయి ఒక కప్పు వేసింది. వాన చినుకు గాలిలోంచీ, కుళ్లిన ఆకుల మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును వెంటబెట్టుకుని సన్నని పులుపు పట్టి, రాతి పగుళ్లలోకి దిగింది. దిగిన చోటల్లా సున్నపురాయి నోట్లో పటికబెల్లం కరిగినట్టు కరిగింది. కరిగించిన నీరు ఎటు పోవాలి? నీ దగ్గరికే. నువ్వు ఎంత లోతున ఉంటే అంత లోతుకు వచ్చి నిన్ను కలిసింది. నువ్వు నీ పడకను కోసుకుని కిందికి దిగావు, లోపలి నీళ్లూ పాత దారిని వదిలి కింద కొత్త దారి తొలిచాయి. అలా నువ్వు దిగిన ప్రతి మెట్టుకూ కొండలో ఒక అంతస్తు. అన్నిటికన్నా పైన ఎండిపోయిన విశాలమైన హాళ్లలో 30 లక్షల ఏళ్లకు పైబడిన ఇసుక ఇంకా ఉంది, నువ్వు ఒకప్పుడు ఎంత ఎత్తున పారావో అది సాక్ష్యం. మా గోస్తని బొర్రా గుహల్లో చేసిన పని కూడా ఇదే కాబట్టి నాకు ఈ కథ కొత్త కాదు. కానీ నీ ఓపిక వేరు. ఇప్పటిదాకా మనుషులు కొలిచిన దారులే 426 మైళ్లు, అంటే 685 కిలోమీటర్లు. లోకంలో తెలిసిన గుహల్లో ఇంత పొడవుది ఇంకొకటి లేదు. హైదరాబాదు నుంచి విశాఖ దాకా పరిచినా మిగులుతుంది. ఇంకా కొలుస్తూనే ఉన్నారు.

నీ ఒడ్డున మొలిచే సన్నవెదురుకు కూడా నేను దణ్ణం పెడతాను. వేల ఏళ్ల కిందట ఇక్కడి తొలి మనుషులు దాన్నే కోసి కట్టలు కట్టి, ముట్టించి, ఆ వెలుగులో మైళ్ల కొద్దీ లోపలికి నడిచారు, గోడల మీది జిప్సం గీరి తెచ్చుకోవడానికి. వాళ్లు వదిలేసిన కాగడాల కాలిన ముక్కలు లోపలి పొడిగాలిలో ఈనాటికీ చెడిపోలేదు. పై ఒడ్డున మొలిచింది లోపలి చీకట్లో వెలిగింది.

ఆ చీకట్లో ఇంకొక దీపం స్టీఫెన్ బిషప్. 1838లో ఇక్కడికి వచ్చేసరికి పదిహేడేళ్ల కుర్రవాడు, ఒకరి సొత్తుగా బతుకుతున్న నల్లజాతి బానిస. గుహ చూపించడం అతనికి పెట్టిన చాకిరి. అంతవరకూ అందరూ ఆగిపోయిన అగాధం మీద నిచ్చెన అడ్డంగా వేసి, నూనె దీపంతో పాక్కుంటూ అవతలికి దాటాడు. దాటాక అతనికి కనిపించింది నువ్వే. కొండ కింద పారే నీ రెండో ఒళ్లు, అందులో కళ్లులేని తెల్లటి చేపలు. 1842లో జ్ఞాపకం నుంచే గుహ పటం గీశాడు, రెండేళ్లకు అది అచ్చయింది. బానిసత్వం నుంచి విడుదలైంది 1856లో, మరుసటి ఏడే చనిపోయాడు. విడుదలయ్యాక ఎంతో కాలం బతకని మనిషి గీసిన గీతలు పట్టుకుని ఆ తర్వాత ఎందరు తిరిగారో! నీ ఒడ్డున కూర్చుని ఎవరిని తలుచుకోకపోయినా అతన్ని తలుచుకోవాలి.

చీకటి పడ్డాక ఒడ్డు నీదీ పురుగులదీ పిట్టలదీ. జూన్ అయితే గడ్డి అంచు నుంచి మిణుగురులు లేస్తాయి, మొదట మోకాలెత్తులో, తర్వాత కొమ్మల దాకా. విప్పూర్విల్ పిట్ట తన పేరే తాను పిలుచుకుంటూ ఊపిరి తీసుకోకుండా కూస్తుంది, ఇక ఆగిందిలే అనుకునేలోపు మళ్లీ అందుకుంటుంది. ఈ పార్కు 2021లో అంతర్జాతీయ చీకటి ఆకాశం గుర్తింపు పొందింది. చీకటిని కూడా కాపాడుకోవాల్సిన ఆస్తిగా లెక్కగట్టిన వాళ్లకు నమస్కారం. నీళ్ల మీద రెక్కలాడించే గబ్బిలాలను చూస్తే మాత్రం గుండె పట్టేస్తుంది. 2013లో తెల్లముక్కు బూజు ఈ పార్కులో బయటపడింది. చలికాలం నిద్రలో ఉన్న గబ్బిలాన్ని అది లేపి లేపి, దాచుకున్న కొవ్వంతా కరిగించి చంపేస్తుంది. గుహలోంచి బయటికొచ్చే ప్రతి మనిషీ సబ్బునీళ్లతో తడిసిన చాపల మీద నడవాలి, చెప్పులకు అంటిన బూజు వేరే గుహకు పోకుండా. నేనూ నడిచాను. అడుగు అడుగుకీ చాప పిసుక్కుని నురగ కక్కింది.

తెల్లారితే నీ మీద పొగమంచు. అది లేచేలోపు ఒడ్డున వంగి చూస్తే ఇసుకలో సగం దిగబడి ఆల్చిప్పలు. ఈ పార్కులోని నీ నీళ్లలో యాభైకి పైగా రకాలున్నాయి. వాటిలో కొన్ని తల్లులు తమ ఒంటి అంచునే చిన్న చేపపిల్ల ఆకారంలో చాచి ఆడిస్తాయి, కన్నుచుక్కతో సహా. ఎర అనుకుని పెద్ద చేప నోరు పెడుతుంది. ఆ క్షణాన తల్లి తన కంటికానని పిల్లల్ని దాని మీదికి చిమ్ముతుంది. అవి చేప మొప్పలకు అంటుకుని కొన్నాళ్లు పెరిగి, తర్వాత రాలి నీ అడుగున బతుకు మొదలుపెడతాయి. కళ్లులేని జీవి చేప రూపాన్ని ఎలా నేర్చుకుందో తలుచుకుంటే నాకు మాట పడిపోతుంది.

ఈ ఆల్చిప్పలకు పారే నీళ్లు కావాలి. ఒక శతాబ్దం పైగా నువ్వు ఇక్కడ పారలేదు, నిలిచావు. కిందన బ్రౌన్స్‌విల్ దగ్గర పడవల కోసం కట్టిన ఆరో నంబరు డ్యాం నిన్ను వెనక్కి నెట్టింది. పడవలు 1951కే ఆగిపోయినా గోడ మాత్రం నిలిచే ఉంది. ఇక్కడ నీ మట్టం పెరిగితే లోపలి నదుల మట్టమూ పెరిగింది, ఒండ్రు పేరుకుంది, లోకంలో ఇంకెక్కడా లేని రంగులేని, కళ్లులేని చిన్న రొయ్యకు ఇల్లు ఇరుకైంది. 2016 చివర ఆ గోడకు గండి పడింది, మరుసటి ఏడు తీసేశారు. నీ మట్టం దిగింది, నీతోపాటే కొండ లోపలి మట్టమూ దిగింది. ఎంత న్యాయం!

వరద రోజుల్లో నువ్వు వెనక్కి తిరిగే సంగతి మరీ అద్భుతం. మామూలు రోజుల్లో గుహ నీళ్లు ఊటల గుండా నీలోకి వస్తాయి. నువ్వు పొంగితే స్టిక్స్ ఊట దారిన నువ్వే లోపలికి పోయి, ఎకో నది ఊట దగ్గర బయటికొస్తావు. నీతో ఆకులూ పుల్లలూ మట్టీ పోతాయి. వెలుగు లేక ఏ మొక్కా మొలవని ఆ లోకంలో రొయ్యకూ చేపకూ అదే కూడు. అడవి రాల్చిన ఆకు, ఎప్పుడూ అడవిని చూడని నోటికి అందుతుంది.

అలాంటి రోజుల్లో హౌచిన్ ఫెర్రీ చోటు కూడా మునుగుతుంది. మునగనీ తల్లీ, ఆ నేల నీదే. నువ్వు తగ్గాక బురద ఊడ్చి, బల్లలు కడిగి, గేటు తీస్తారు. అప్పుడు నువ్వు కొత్తగా పరిచిన ఒండ్రులో గుడారం మేకులు సుత్తి అక్కర్లేకుండా చేత్తోనే దిగుతాయి.