గాలికి దారి వేసేవాడు

హనుమకొండలో ఇంటి ముందు షెడ్డులోనే బండ్లు బాగుచేసే మెకానిక్ కోసం గాలి లైను వేసే ఫిట్టర్ పనితనం చూసి తీరాలి. కంప్రెసర్ అదురు తగలకుండా ముందు ఓ రబ్బరు గొట్టం, ఆ తర్వాత గోడ వెంట జీఐ పైపు. అది సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ వంద అడుగులకు అడుగు చొప్పున వాలు ఉంటుంది. పీవీసీ చవక కదా అంటే వినడు. ఒత్తిడికి అది పగిలిందంటే ముక్కలు ఎగిరి మీద పడతాయి. అసలు తెలివంతా కొమ్మ తీసేచోట ఉంది. నల్లా పైపులా నేరుగా కిందికి తీయడు. మెయిన్ పైపు నెత్తిన టీ పెట్టి, కొంగమెడలా పైకి లేపి, వంచి దించుతాడు. నొక్కుడుకు వేడెక్కిన గాలి చల్లారేకొద్దీ అందులోని తేమ నీరై పైపు అడుగున పారుతుంది. శ్రావణం ముసుర్లో ఎంత నీరో చెప్పక్కర్లేదు! పైనుంచి తీస్తే గాలి ఒక్కటే దిగుతుంది. నీరు వాలు పట్టుకుని చివరి డ్రైన్ వాల్వుకు చేరుతుంది. ఆఖరున ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి, బుడగ లేచిన చోట విప్పి, టెఫ్లాన్ టేపు మళ్లీ చుట్టి బిగిస్తాడు. ఇక స్కూటీ టైరుకు గాలి, మొండికేసిన నట్టుకు ఇంపాక్ట్ గన్ను, పొక్కులు లేకుండా ట్యాంకుకు రంగు, అన్నీ ఆ ఒక్క పైపు మీదే.