ముగ్గురాయీ, మన కథా

“భిన్నత్వంలో ఏకత్వం” అన్న మాట మన వ్యాసకర్తలకు తారకమంత్రమైపోయింది. కడప పేరెత్తితే చాలు, ఉగాదినాడు బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచన్న నమ్మకంతో ముస్లింలు దేవుని కడప గుడికి రావడమూ, అమీన్ పీర్ దర్గాకు హిందువులు వెళ్ళడమూ, వీరబ్రహ్మంగారి శిష్యులలో దూదేకుల సిద్దయ్యా మాదిగ కక్కయ్యా వుండడమూ ఏకరువు పెడతారు. ఇవి మనం గర్వించదగినవే. కాని పండుగనాడు ఒకే గుడిమెట్లు ఎక్కినవాళ్ళు మర్నాడు ఒకే కుళాయి దగ్గర బిందె పెడుతున్నారా, ఒకే పనికి ఒకే కూలి తీసుకుంటున్నారా అన్న ప్రశ్న దగ్గర మన వ్యాసం ఆగిపోతుంది. విమర్శ మొదలుకావలసింది సరిగ్గా అక్కడ.

మంగంపేటనే తీసుకుందాం. రైల్వేకోడూరుకు దగ్గర, ఓబులవారిపల్లె మండలంలో వుంది. అక్కడి బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో ఒకటి. జనం దాన్ని ముగ్గురాయి అంటారు. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ రాయిని పొడి చేసి, చమురుబావులు తవ్వేటప్పుడు భూమిలోపలి ఒత్తిడిని అణచడానికి బురదద్రవంలో కలుపుతారు. 1961లో ఏర్పడిన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ గనిని నడుపుతున్నది. 2019లో ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలుమార్గం తెరుచుకోవడంతో కృష్ణపట్నం రేవు దగ్గరయింది. రాయి దేశాలు దాటిపోతుంది. దాని ధూళి మాత్రం ఇక్కడే మిగులుతుంది. గని పెరిగేకొద్దీ ఇల్లు వదలవలసి వచ్చినవాళ్ళూ ఇక్కడివాళ్ళే. గని, మిల్లులు, లారీలు, వాటి చుట్టూ టీ అంగళ్ళు – ఇది పూర్తిగా పట్టణమూ కాలేదు, పల్లెగా మిగలనూ లేదు. రేపటి సీమ పట్టణం ఇటువంటి చోటనే పుడుతుంది.

ఈ కొత్త సమాజాన్ని చూడడానికి మన సాహిత్యం మనకు ఏ కళ్ళు ఇచ్చింది?

1956లో వెలువడిన విద్వాన్ విశ్వం “పెన్నేటి పాట” కరువుసీమ కూలి దంపతుల ఆకలిని కావ్యవస్తువు చేసింది. దాని రుణం తీరనిది. ఐతే ఆ తరువాత కరువును రాసిన అనేకులు దానిలోని కూలివాణ్ణి వదిలి ఎండిన ఏటినే పట్టుకున్నారు. కరువు కథలో ఆకాశమే శత్రువని పొరబడవచ్చు. గని కథలో ఆ వీలు లేదు. వాన కురవకపోవడానికి ఎవరూ సంతకం పెట్టరు; కూలి రేటుకూ, కాంట్రాక్టుకూ, పునరావాసపు జాబితాకూ ఎవరో ఒకరు సంతకం పెడతారు. ఆ సంతకం దాకా వెళ్ళని వాస్తవికత సగం వాస్తవికతే.

మరి వేర్వేరు జనం ఒకచోట చేరినప్పుడు వాళ్ళను కలిపేదేమిటి? తమిళుడైన నటరాజన్ తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చి, “శారద” పేరుతో “మంచీ చెడూ” నవల రాసి, 1955లో పేదరికంలోనే చనిపోయాడు. పరాయి భాషవాడు మన పట్టణాన్ని మనకే చూపించగలిగాడంటే, ఆ పట్టణపు శ్రమలో అతనికి పాలుండడమే కారణం. ఐతే పట్టణం అతని చాకిరీని తీసుకున్నంత సులువుగా అతనికి కడుపునిండా అన్నం పెట్టలేదు. కలుపుకోవడమంటే పనిలోకి రానివ్వడమే కాదు, ఫలంలో పాలివ్వడం.

శ్రమ ఒక్కటే అన్నీ చెబుతుందా అంటే, చెప్పదు. వేంపల్లె షరీఫ్ “జుమ్మా” కథలో ఒక తల్లి వుంది. శుక్రవారం నమాజు తప్పవద్దని కొడుక్కి పోరిచెప్పిన ఆమే, మక్కా మసీదు పేలుడు తరువాత మసీదుకు వెళ్ళవద్దంటుంది. ఆ తల్లి భయాన్ని ఏ కూలి లెక్కా కొలవలేదు. నిర్భయంగా వుండడం కూడా ఒక హక్కే, దానిలోనూ అందరికీ సమానమైన పాలు లేదు.

ఇక్కడ మన తప్పు మనం ఒప్పుకోవాలి. అభ్యుదయ సాహిత్యం “కార్మికుడు” అన్నప్పుడు అతనికి చాలాకాలం కులం లేదు, మతం లేదు; అతని పక్కన తట్ట మోసే ఆడమనిషి అసలే లేదు. వర్గాన్ని చూపాలనే తొందరలో మనిషిని అరువు బొమ్మ చేశాం. తరువాత వచ్చిన కొందరు దీనికి విరుగుడుగా, ఎవరి బాధ వారిదేనని వాడవాడకొక గోడ కట్టారు. మొదటిది మనిషిని మరచింది; రెండవది యజమానిని మరచింది. ధూళికి కులం తెలియదన్నది నిజమే. కాని గనికి దగ్గరగా ఎవరి ఇళ్ళున్నాయి, డాక్టరు దగ్గరికి ఎవరు ముందు పోగలరు అన్నవి కులానికీ, డబ్బుకూ బాగా తెలుసు.

కనుక మంగంపేటను రాయబోయే యువకుణ్ణి మనం అడగవలసింది ఐక్యతను పొగడమని కాదు. ఆ వీధిలో నీరు ఎవరికి ముందు అందుతున్నది, ఎవరి పిల్ల బడికి పోతున్నది, యూనియన్ సమావేశంలో ఎవరు కుర్చీలో, ఎవరు గుమ్మం దగ్గర వున్నారు – ఇవి రాయమని. ఇవి రాస్తే ఐక్యత చెడుతుందని భయపడేవాళ్ళుంటారు. చెడేది ఐక్యత కాదు, దాని నటన. గుమ్మం దగ్గర నిలబడినవాడు లోపలికి వచ్చి కూర్చున్నప్పుడే అది మొదటిసారి నిజమవుతుంది.