పది అడుగుల పరీక్ష - దాని విలువ ఎంత?

తిన్నని గీత మీద, ఒక పాదపు మడమ రెండవ పాదపు వ్రేళ్లకు తగులునట్లు, వరుసగా పది అడుగులు వేయవలెను. కర్ర ఊతగొనరాదు, ప్రక్కకు అడుగు వేయరాదు. నెదర్లాండ్స్‌లో ఆబ్డో, బ్లూమ్ మున్నగు వైద్యులు 2006లో విలువకట్టిన పరీక్ష ఇంతే. దీనికి యంత్రము అక్కరలేదు, ఖర్చు లేదు.

దీని అవసరమేమి? అవయవములు బిగియుట, కదలిక మందగించుట వంటి లక్షణములున్న వారందరికి పార్కిన్‌సన్ వ్యాధియే ఉన్నదనరాదు. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్‌షెవ్‌స్కీలు వర్ణించిన ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, చిన్నమెదడును కూడ క్షీణింపజేయు మల్టిపుల్ సిస్టమ్ ఆట్రొఫీ మొదట అట్లే కనబడవచ్చును. కాని వీనిలో లెవోడోపా మందు గుణము స్వల్పము. రోగి తూలి పడుట త్వరగా మొదలగును. పొరపడినచో ఆ కుటుంబమునకు రాబోవు సంవత్సరముల గూర్చి చెప్పినదంతయు తప్పగును.

పార్కిన్‌సన్ రోగి సాధారణముగా పాదములను దగ్గరగానే ఉంచి నడచును. ప్రక్కలకు ఒరగకుండ నిలుపు సమతూకము అతనిలో చాలకాలము చెడదు. తక్కిన వ్యాధులలో అది ముందే చెడును. రోగి పాదములను ఎడముగా పెట్టి సర్దుకొనును. గీత ఆ వెసులుబాటును తీసివేయును. సైకిలు తొక్కుటకు కావలసినదియు ఈ సమతూకమే. రోగము వచ్చిన పిదప సైకిలు మానవలసి వచ్చెనా అని నెదర్లాండ్స్ వైద్యులే అడిగి, 2011లో ఆ ఫలితములను ప్రకటించిరి. అది చక్కని ప్రశ్న. అయితే అచ్చట ఇంటింట సైకిలే! ఎన్నడును సైకిలెక్కని వృద్ధురాలిని ఆ ప్రశ్న అడిగి ఏమి లాభము? గీతకు ఆ చిక్కు లేదు.

2006 నాటి అంకెలు ఇవి. పార్కిన్‌సన్ రోగులు 36 మందిలో 33 మంది గీత తప్పకుండ నడచిరి. ఇతర వ్యాధులవారు 49 మందిలో అట్లు నడచినవారు 9 మందే. చూచుటకు గొప్ప ఫలితమే. కాని ఆ 85 మందిలో ఇతర వ్యాధులవారే ఎక్కువ. సామాన్య వైద్యశాలలో పరిస్థితి తలక్రిందులు. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్ల మీద వేయించవచ్చును. నూరుగురు రోగులలో 90 మందికి పార్కిన్‌సన్ వ్యాధి, 10 మందికి ఇతర వ్యాధులు ఉన్నవనుకొనుడు. అవే పాళ్లు చెల్లినచో ఆ పదుగురిలో 8 మంది గీత తప్పుదురు. తొంబది మందిలోను 7గురో, 8 మందో తప్పుదురు. అనగా తప్పినవారిలో ఇంచుమించు సగము మంది పార్కిన్‌సన్ రోగులే! తప్పనివారు సుమారు 84 మంది. వారిలో ఇతర వ్యాధులున్నవారు ఇద్దరే.

కాబట్టి గీతపై సరిగా నడచుట రోగికి ఊరట. తప్పుట తీర్పు కాదు, మరికొంత పరిశీలించుటకు కారణము మాత్రమే. మొదటి మూడేండ్లలోనే మాటిమాటికి పడుచున్నాడా, లెవోడోపాకు గుణము కనబడినదా, కన్నులు పైకి క్రిందికి తిరుగుచున్నవా అని వైద్యుడు చూడవలెను. మోకాళ్ల నొప్పులవారు, మిక్కిలి వృద్ధులు ఈ జబ్బులేవియు లేకున్నను గీత తప్పవచ్చును. వారు నడచునపుడు ఒకరు ప్రక్కనే నిలిచి యుండవలెను.