ఎంటర్ కొట్టే ముందు

హైదరాబాద్‌లో నేను కొత్తగా చేరిన ఆఫీసులో స్టోరేజ్ చూసుకునే సీనియర్ ఒకాయన ఉండేవారు. సర్వర్‌లో డిస్కు మొరాయించిందని అందరూ కంగారుపడుతుంటే, ఆయన నిమ్మళంగా కూర్చుని ‘జెడ్‌పూల్ స్టేటస్’ అని కొట్టేవారు. నల్లటి తెర మీద పదిహేను లైన్లు, చివర్లో రీడ్, రైట్, చెక్‌సమ్ అని మూడు నిలువు వరసలు. చెక్‌సమ్ కింద సున్నా బదులు ఇంకో అంకె ఉందంటే, “డిస్కు జవాబిచ్చింది బాబూ, కానీ అబద్ధం చెప్పింది” అనేవారు. నాడి పట్టి రోగం చెప్పడమంటే అదే!

ఆ పనితనానికి తగిన పనిముట్టు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్‌లు దీన్ని మలిచారు. 2005లో సోర్స్ కోడ్ బయటికొచ్చింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి పోయింది, 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో డెవలపర్లే దీన్ని భుజానికెత్తుకున్నారు. చరిత్ర అంతే. అసలు గొప్పతనం కమాండ్లలో ఉంది. డిస్కులన్నీ కలిపిన పూల్ సంగతి ‘జెడ్‌పూల్’ చూస్తుంది, దాని మీద ఫైల్‌సిస్టమ్‌ల సంగతి ‘జెడ్‌ఎఫ్‌ఎస్’ చూస్తుంది. రెండే మాటలు! జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాకు మీద తిరగరాయదు కాబట్టి ఎన్ని టెరాబైట్లున్నా, ఆ క్షణానికి ఫైళ్లెలా ఉన్నాయో పట్టి ఉంచే స్నాప్‌షాట్ కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. దాన్ని ‘సెండ్’ అని పైపులో పోస్తే, అవతలి ఊళ్లో ‘రిసీవ్’ పట్టుకుంటుంది. ఇంత పొందికగా అమర్చిన కమాండ్లు నేను మరెక్కడా చూడలేదు.

మా సీనియర్ నేర్పు మాత్రం ఒక చిన్న అక్షరంలో ఉండేది. పూల్‌కి డిస్కు చేర్చాలంటే ముందు ‘మైనస్ ఎన్’ పెట్టేవారు. అప్పుడు పని జరగదు, జరిగితే పూల్ ఎలా ఉంటుందో మాత్రం కనిపిస్తుంది. అది వేలు పెట్టి లైను లైనుగా చదివాకే అసలు కమాండ్.

ఇప్పుడు ఆ చదివే ఓపికే పోయింది. వెబ్ ప్యానెల్‌లో పచ్చ టిక్కు కనబడితే అంతా క్షేమమనుకుంటున్నారు. నెట్‌లో దొరికిన కమాండ్‌ని అర్థం తెలియకుండానే అతికిస్తున్నారు. పేరెందుకు గానీ, ఒక ఆఫీసులో నా కళ్లారా చూశాను. ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రెయిడ్‌జెడ్ పూల్‌లో చోటు చాలక ఒకబ్బాయి ‘యాడ్’ అని ఒంటరి డిస్కు చేర్చబోయాడు. మిగతావాటికున్న రక్షణ దీనికి లేదని సిస్టమ్ చెప్పింది, కాదంటే ‘మైనస్ ఎఫ్’ పెట్టుకోమంది. అతను హెచ్చరిక చదవలేదు, మైనస్ ఎఫ్ పెట్టేశాడు. రెయిడ్‌జెడ్ పూల్ నుంచి అలా చేరినదాన్ని మళ్లీ తీయడం కుదరదు. ఎనిమిది నెలలకు ఆ ఒక్క డిస్కు పోయింది, దాంతోపాటు పూల్ మొత్తం పోయింది. ఏళ్ల తరబడి గీసిన డ్రాయింగులు! ఆ కుర్రాణ్ణి తిట్టారు గానీ, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్లు ఎవరు?

అయ్యా, టీమ్ లీడర్లారా, పిల్లలకి ఒక పాత కంప్యూటర్ ఇవ్వండి. డిస్కులు కొనక్కర్లేదు. ఒక్కో జీబీ చొప్పున నాలుగు ఖాళీ ఫైళ్లు చేసి, వాటినే డిస్కులుగా చూపించి రెయిడ్‌జెడ్ పూల్ కట్టించండి. దాన్నిండా ఫొటోలు పోయించండి. తర్వాత ఒక ఫైలు నడుమ ‘డీడీ’తో చెత్త రాయించి, పూల్ మొత్తాన్ని సరిచూసే ‘స్క్రబ్’ కొట్టించండి. చెక్‌సమ్ కింద అంకె పెరుగుతూంటే, ఫొటోలు మాత్రం ఒక్క చుక్క చెదరకుండా తెరుచుకుంటాయి. అప్పుడు ఆ పిల్లల మొహాలు చూడండి.