సత్యాన్వేషి చిరునామా

అపరాధ పరిశోధక నవల పేరెత్తితే మన తెలుగు శాఖల్లో ఒక చిరునవ్వు కనిపిస్తుంది. చదవనివారు తక్కువే, చదివామని ఒప్పుకొనేవారు ఇంకా తక్కువ. ఆ చిరునవ్వు పోవాలంటే ఒకసారి కలకత్తా వెళ్ళి రావాలని మా అభిప్రాయం.

కాలేజీ స్ట్రీటులో ప్రెసిడెన్సీకి, విశ్వవిద్యాలయానికి ఆనుకొని పుస్తకాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. శరదిందు బందోపాధ్యాయ (1899–1970) బ్యోంకేశ్ కథలు, సత్యజిత్ రాయ్ ఫెలూదా కథలు మంచి బైండుతో రవీంద్రుని సరసనే కూర్చుంటాయి. స్వపన్ కుమార్ రాసిన దీపక్ చటర్జీ నవలలు అట్లా కావు. అవి చవక కాగితం మీద అచ్చయిన పలచని పుస్తకాలు. ఆ డిటెక్టివుకు రెండు చేతుల్లో రెండు పిస్తోళ్ళు, మూడో చేతిలో టార్చిలైటు ఉంటాయని బెంగాలీలే నవ్వుకుంటారు. నవ్వుతూనే కొంటారు.

కాలేజీ స్ట్రీటును అడ్డంగా దాటే మహాత్మా గాంధీ రోడ్డే పూర్వపు హారిసన్ రోడ్డు. బ్యోంకేశ్, అజిత్ అద్దెకున్నది అక్కడే. శరదిందు కూడా విద్యార్థి దశలో ఆ వీధి మెస్సులో ఉన్నాడు. ఈ సంగతిని కేవలం యాత్రా విశేషంగా తీసుకోరాదు. 1930లలో వెలువడిన ‘సత్యాన్వేషి’ కథ ఒక మెస్సులో నడుస్తుంది. నానా ఊళ్ళ నుండి వచ్చినవారు ఒకే కప్పు కింద ఉంటారు. ఎవరి పూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు, ఎవరు ఏమి చెప్పుకుంటే అదే నిజం. నేరానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంది? పరాయి నగరంలో గది పంచుకొని చదువుకున్న మన విద్యార్థులకు ఈ కథ వివరించనక్కరలేదు.

ఫెలూదా ఇల్లు మాత్రం దొరకదు. రజనీ సేన్ రోడ్డు ఉంది గాని, రాయ్ చెప్పిన 21వ నెంబరు కల్పితం.

మన పాఠకులు ముఖ్యంగా గమనించవలసినది మరొకటి ఉంది. కలకత్తాకు ఈ సత్యాన్వేషిని ఇచ్చిన శరదిందు జౌన్‌పూర్‌లో పుట్టి, ముంగేరులో చదువుకున్న ప్రవాసాంధ్రుని వంటి ప్రవాస వంగీయుడు. 1938లో సినిమా కథల కోసం బొంబాయి వెళ్ళాడు, 1952లో పూణేలో స్థిరపడ్డాడు. సుమారు పదిహేనేళ్ళు పక్కన పెట్టిన బ్యోంకేశ్‌ను 1951 తర్వాత మళ్ళీ చేపట్టాడు. ఆ తర్వాతి కథలలో నేర్పు పెరిగిందనే అనాలి. అయితే మెస్సు గదుల ఇరుకు, ఆ వీధి రద్దీ తొలి కథలలో ఉన్నంతగా మాకు కనిపించలేదు.

ఈ సాహిత్యానికి అక్కడ ఇంత మన్నన దక్కడానికి అమ్మకాలు ఒక్కటే కారణం కాదు. వంగ సాహిత్య చరిత్ర రాసిన భాషావేత్త సుకుమార్ సేన్ (1900–1992) ‘క్రైమ్ కాహినీర్ కాల్‌క్రాంతి’ పేరుతో నేరకథల చరిత్ర రాశారు. కాళిదాసునే పరిశోధకునిగా చేసి తామూ కథలు రాశారు. అంతటి పండితుడు చేయి వేసిన తరువాత ఇక చిరునవ్వులకు చోటెక్కడ?

మనకూ ఈ కథతో చుట్టరికం ఉంది. పాంచ్‌కొడి దే బెంగాలీ డిటెక్టివ్ నవలలు ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలోనే తెలుగులోకి వచ్చాయి. తరువాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును మద్రాసులో నిలబెట్టారు. ఆయన నవలలన్నీ ఒకే ఎత్తు అని మేము అనము, తొందరలో ముగించినవీ ఉన్నాయి. అయినా తెలుగువారి మద్రాసు ఎట్లా ఉండేదో తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి. పాత పుస్తకాలకు పేరుపడ్డ మూర్ మార్కెట్టు 1985లో తగలబడింది. యుగంధర్ కారు తిరిగిన వీధులు చాలావరకు ఇంకా ఉన్నాయి. తమిళనాడు విద్యార్థి ఎవరైనా ఆ నవలలు ముందు వేసుకొని వీధి వీధీ గుర్తించి వ్యాసం పంపితే, ఈ పత్రికలో అచ్చు వేయడానికి మేము సిద్ధం.