గింజ కోసం దిగిన కోడి

మాడుగుల అనగానే అందరికీ హల్వా గుర్తొస్తుంది. నాకు మాత్రం కోళ్లు. పాడేరు ఘాట్ ఎక్కే దారిలో తెల్లారగట్ల చెవొగ్గితే పొదల్లోంచి కూత వినిపిస్తుంది. మన పుంజు కూతే గానీ చివర సాగదీత ఉండదు, ఎవరో గొంతు నొక్కినట్టు టక్కున ఆగిపోతుంది. అది అడవికోడి.

ఇంటికోడికి మూలం ఆ ఎర్ర అడవికోడేనని డార్విన్ 1868లోనే రాశాడు. జన్యు పరిశోధకులూ ఔనన్నారు. కాకపోతే మా కొండల్ని చూసుకుని మురిసిపోవడానికి లేదు. 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం ముందు మచ్చికైంది మన వైపుది కాదు, మయన్మార్, థాయిలాండ్, దక్షిణ చైనాల్లో తిరిగే దాని దాయాది. మనదాని రక్తం తర్వాత కలిసింది. కోడి కాళ్లలోని పసుపు మాత్రం దక్షిణాది బూడిదరంగు అడవికోడి ఇచ్చిన ఆస్తి.

అసలు మనిషి దగ్గరికి ఎందుకొచ్చినట్టు? ఖాయంగా ఇంటికోడివనదగ్గ ఎముకల్లో అతి పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయని, వాటి వయసు సుమారు 3,500 ఏళ్లని 2022లో చెప్పారు. మెట్టవరి, చిరుధాన్యాల సాగు వెంటే కోడీ వచ్చిందట. నాకేం వింతనిపించలేదు. సామలు, చోళ్లు పండిన పోడు అంచున ఎవరు కాచుకునుంటారో కొండవాళ్లని అడగండి! పిల్లీ అంతే, గాదెల్లో ఎలుకల కోసం చేరింది. కుక్క ఒక్కటే వ్యవసాయానికి ముందునుంచీ వేటగాడి వెంట ఉంది.

వచ్చినదాన్ని అందరూ వెంటనే కూర వండేసుకోలేదు. ఐరోపాలో తొలినాళ్ల కోళ్లను కొన్నిచోట్ల కొయ్యకుండా గోతిలో పూడ్చిపెట్టారు. బ్రిటన్ జనం కోడిని తినడం తప్పనుకుంటారనీ, సరదాకి పెంచుకుంటారనీ జూలియస్ సీజర్ రాశాడు. అలాంటివాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. పెంచినదాన్ని కొయ్యలేక పక్కింటికి అమ్మేసి, పక్కింటిదాన్ని కొనుక్కుని వండుకుంటారు.

పెట్టని పొదగేయడమంటే నాకు ఇప్పటికీ సరదాయే. బుట్టలో ఊక పోసి, గడ్డి పరిచి, గుడ్లు సర్ది, చీకటి పడ్డాక పెట్టని కూర్చోబెట్టాలి. పగలైతే లేచిపోతుంది. వారం తర్వాత గుడ్డుని టార్చిలైటుకి అడ్డం పెడితే లోపల ఎర్రటి నరాలు అల్లుకుని కనిపించాలి. లేనిది తీసేయడమే. మిగతాదంతా పెట్ట చూసుకుంటుంది. ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది, మేతకి కాసేపే దిగుతుంది, 21వ రోజుకి పిల్లలు. గుడ్ల ఫారాల్లోని జాతులకి ఈ బుద్ధే లేకుండా చేశారు. పొదుగుడికి కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి మరి. అలా కూర్చునేవాటిని తరతరాలుగా ఏరేశారు.

సంతలో ఎవరైనా డేగపుంజుని చూపించి ‘అసలు అడవి జాతి’ అని అంటగట్టబోతే, వానల దాకా ఆగి మెడ చూడండి. జతకాలం అయ్యాక అడవిపుంజు మెడమీది బంగారు ఈకలు రాల్చేసి కొన్నాళ్లు నల్లమెడతో తిరుగుతుంది. ఇంటి పుంజు ఈకలు మార్చినా మెడ అలా నల్లబడదు. ఒకవేళ నిజంగానే నల్లబడిందనుకోండి, అప్పుడు మీరు 1972 వన్యప్రాణి చట్టానికి జవాబు చెప్పుకోవాలి.