సరిహద్దు వార్తల్లో కర్త ఎవరు?

వలస గురించిన వార్తను నేను కథను చదివినట్టే చదువుతాను. క్రియకు కర్త ఎవరు, ఎవరికి పేరుంది, ఎవరు అంకెగా మిగిలారు అన్న ప్రశ్నలు వేయకపోతే ఆ వార్త వెనుక నిలబడ్డ వర్గం కనిపించదు.

2023 జూన్ 14న గ్రీసు తీరానికి దూరంగా సుమారు 750 మందితో వెళ్తున్న చేపల పడవ మునిగింది. 104 మంది మాత్రమే బతికారు. గ్రీకు తీరరక్షక దళానికి గంటల ముందే దాని జాడ తెలుసు. అయినా తొలి శీర్షికల్లో కర్త పడవే: 'పడవ మునిగింది'. నాలుగు రోజులకు టైటానిక్ శిథిలాలు చూడబోయిన జలాంతర్గామిలో ఐదుగురు గల్లంతయ్యారు. వారి పేర్లు, ముఖాలు, అభిరుచులు లోకమంతటికీ తెలిశాయి. ప్రాణవాయువు ఇంకెన్ని గంటలు సరిపోతుందో టీవీలు లెక్కగట్టాయి. పడవలోని పాకిస్తాన్, ఈజిప్టు, సిరియా పేదలు మాత్రం 'వలసదారులు' అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. ఆ ఐదుగురిలో ఇద్దరు పాకిస్తాన్‌కు చెందిన ఒక సంపన్న కుటుంబంలోని తండ్రీకొడుకులు. కాబట్టి తేడా దేశంలో లేదు, వర్గంలో ఉంది.

అన్ని వార్తాసంస్థలూ ఒకే తీరుగా లేవు. 'అక్రమం' అన్న విశేషణం చేసిన పనికే గాని మనిషికి వాడకూడదని 2013లో అసోసియేటెడ్ ప్రెస్ నిర్ణయించింది. మధ్యధరా దాటేవారిని 'వలసదారులు' అనబోమని, తగిన చోట 'శరణార్థులు' అంటామని 2015లో అల్ జజీరా ప్రకటించింది. అదే ఏడాది బ్రిటిష్ ప్రధాని కామెరాన్ వారికి పురుగుల దండుకు వాడే మాట వాడాడు. అల్ జజీరా నిర్ణయం మెచ్చదగిందే. అయితే యుద్ధం తరిమినవాడు శరణార్థి అయితే, ఆకలి తరిమినవాడు ఎవరు? వాడికి గౌరవమైన మాట అక్కడా దొరకలేదు.

మన పత్రికల సంగతీ చూద్దాం. అమెరికాలోని ఇంజనీరు 'ప్రవాసాంధ్రుడు'. గల్ఫ్‌లోని కరీంనగర్ కూలీ 'వలస కార్మికుడు'. ఇద్దరూ వెళ్ళింది బతుకుతెరువుకే. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానం వందమందికి పైగా భారతీయులను సంకెళ్ళతో తెచ్చి అమృత్‌సర్‌లో దింపినప్పుడు కూడా మన శీర్షికల్లో ఎక్కువగా కనిపించిన మాట 'అక్రమ వలసదారులు'.

దేశాలను ఆక్రమించినవాడిదీ 'వలస' పాలనే, పొట్ట చేతబట్టుకుని పోయేవాడిదీ 'వలసే'. మొదటి వలస కొల్లగొట్టిన నేలల నుంచే రెండోది చాలావరకు బయలుదేరింది. ఈ సంబంధాన్ని మాట తనంతట తాను చెప్పదు. మనం రాసే ప్రతి వాక్యంలో దాన్ని చెప్పవలసింది మనమే.